పందెపు కారులో పెట్రోలు గొట్టము: ఒక కట్టుబాటు చరిత్ర



నేటి ప్రసంగమునకు నేనెన్నుకొన్న విషయమును వినినంతనే మీలో కొందఱు నవ్వుకొనవచ్చును. చిన్ననాడు గురువుల చెంత వ్యాకరణమును, కావ్యములను చదువుకొని, పిమ్మట ముప్పది సంవత్సరములకు పైగా బడిలో చరిత్ర పాఠములు చెప్పి, ఇప్పుడు విశ్రాంతి గైకొన్న ఈ ముసలివానికి కారు పందెములతో పని యేమి? అందులోను కారు క్రింద దాగియుండు పెట్రోలు గొట్టముతో పని యేమి? ఈ ప్రశ్న న్యాయమైనదే. దీనికి సమాధానముగా మా యింటి సంగతి యొకటి చెప్పి మొదలుపెట్టుదును.

నా చెల్లెలి కుమారుడొకడు అమెరికా దేశమున ఉద్యోగము చేయుచున్నాడు. వారమున ఐదు దినములు కంప్యూటరు ముందు కూర్చుండును. శనివారము వచ్చిన చాలు, పాత కారొకటి పెట్టుకొని దాని క్రింద దూరును. రెండేండ్లు శ్రమపడి, ఆ కారును మరమరకు విప్పి మఱల బిగించి, పందెమునకు సిద్ధము చేసికొనెను. పందెపు బాట వాకిట పరీక్షాధికారి యొకడు నిలిచి, ప్రతి కారును చూచి గాని లోనికి పోనీయడు. ఆయన మావాని కారు క్రిందికి టార్చిలైటు వేసి చూచెను. ఐదు నిమిషములైనను గడువకముందే, ఇది పనికిరాదు, వెనుకకు తీసికొనిపొమ్మని చెప్పెను.

ఆ రాత్రి మావాడు నాకు ఫోను చేసెను. "మామయ్యా! ఇంజను సంగతి అడుగనైన లేదు. పెట్రోలు గొట్టమును చూచి నన్ను తిరుగగొట్టినాడు. గొట్టము క్రొత్తది, విలువ పెట్టి కొన్నది. ఒక్క చుక్క కారుట లేదు. ఇది మొండితనము కాక మఱేమి?" అని వాపోయెను. "నాయనా! ఆయన చూపిన కట్టుబాటు ఎందులకు పుట్టినదో కనుగొంటివా?" అని నేనడిగితిని. లేదనెను. "చరిత్ర మాష్టరు మేనల్లుడవై యుండి ఆ మాట అడుగకపోతివా? ఆ పుస్తకము నాకు పంపుము" అంటిని. అతడు పంపెను, నేను చదివితిని. చదివిన కొలది నా ఆశ్చర్యము పెరిగెను. అది యంత్రశాస్త్ర గ్రంథమని తలచితిని గాని, నిజమునకు అది చరిత్ర గ్రంథమే. అందు ప్రతి పంక్తి క్రింద ఒక గాయమున్నది.

ముందుగా ఈ పందెమేమో చెప్పవలెను. దీనిని డ్రాగ్ రేసు అందురు. మన గిత్తల బండలాగుడు పోటీ మీరెల్లరు ఎఱిగినదే. ఇదియు అట్లే సూటి బాటమీది పోటీ. రెండు కార్లు ప్రక్కప్రక్కన నిలుచును. దీపము వెలుగగనే రెండును ఒక్కమారు బయలుదేరును. పావు మైలు, అనగా 1320 అడుగుల దూరము, ఏది ముందు చేరునో అదియే గెలిచినట్లు. మలుపులు లేవు, చుట్లు లేవు. సామాన్యమైన కారునకు పదునైదు సెకనుల పని. మన పోటీలలో పెద్దలు గిత్తల నోరు తెఱచి, పండ్లు చూచి, ఏ తరగతికి చెందినవో నిర్ణయించిన గాని వాటిని బరిలోనికి రానీయరు గదా! అచ్చట పరీక్షాధికారి చేయునదియు అటువంటి పనియే. కాని ఆయన తరగతి ఒక్కటే చూడడు. ఈ బండి తన యజమానిని చంపునా, చంపదా అని కూడ చూచును.

ఈ క్రీడ కాలిఫోర్నియా రాష్ట్రమున పుట్టినది. అచ్చట మొహావీ ఎడారిలో మురాక్ అను పేరుగల ఎండిన సరస్సు ఒకటి గలదు. నీరింకిన నేల మైళ్ళకొలది చదునుగా, గట్టిగా నుండును. ఇరువదవ శతాబ్దపు మూడవ, నాలుగవ దశకములలో బీద యువకులు పాత కార్లను కొని, బరువు తగ్గించి, ఇంజనులను పదునుపెట్టి, ఆ నేలపై పరుగెత్తించుచుండిరి. 1937లో వారి సంఘములు కొన్ని కలిసి దక్షిణ కాలిఫోర్నియా కాలనిర్ణయ సంఘమును స్థాపించుకొనెను. అటుపిమ్మట ఆ మురాక్ నేల సైన్యమువారి వైమానిక స్థావరమాయెను.

1945లో రెండవ ప్రపంచయుద్ధము ముగిసెను. విమానములను, టాంకులను మరమ్మతు చేయ నేర్చిన పడుచువాండ్రు వేలకొలది ఇండ్లకు వచ్చిరి. చేత పనితనమున్నది, జేబులో కొంత సొమ్మున్నది, మనస్సున యుద్ధపు వేడి చల్లారలేదు. ఎండిన సరస్సులు దూరము. ఊరి వీధులు దగ్గఱ. రాత్రివేళ దీపస్తంభముల క్రింద వీధులలోనే పందెములు సాగెను. దారిని పోవువారికి భయము, పోలీసులకు తలనొప్పి. పత్రికలు ఆ యువకులను దుండగులని వ్రాసెను. ఈ ఆటను చట్టముతో అణచివేయవలెనని పెద్దలు పలికిరి.

ఆ సమయమున వాలీ పార్క్స్ అను నాతడు ముందునకు వచ్చెను. రాబర్ట్ పీటర్సన్ 1948లో స్థాపించిన 'హాట్ రాడ్' పత్రికకు ఈయన సంపాదకుడు. యువకుల ఉబలాటమును కొట్టివేయలేమనియు, దానికి ఒక చోటును ఒక కట్టుబాటును చూపవచ్చుననియు ఆయన అభిప్రాయము. అంతలో 1950 జూలై 2వ తేదీన సాంటా ఆనా విమానాశ్రయపు బాటపై సి. జె. హార్ట్ మున్నగువారు రుసుము తీసికొని పందెములు నడుప నారంభించిరి. మఱుసటి యేట, అనగా 1951లో, వాలీ పార్క్స్ నేషనల్ హాట్ రాడ్ అసోసియేషన్ అను సంఘమును స్థాపించెను. వీధి విడిచి బాటకు రండు. వచ్చినచో మీ బండిని పరీక్షింపనిండు. ఆ సంఘము యువకులతో చేసికొన్న ఒడంబడిక యిదియే.

1953 ఏప్రిలులో ఆ సంఘము పొమోనా పట్టణమున తన మొదటి పోటీని జరిపెను. 1954లో నలుగురు మనుష్యులు ఒక కారునకు ఒక బండిని తగిలించుకొని దేశయాత్రకు బయలుదేరిరి. బడ్ కూన్స్, బడ్ ఎవాన్స్, ఎరిక్ రిక్‌మన్, చిక్ కానన్ అనువారు ఆ నలుగురు. వారి యాత్రకు డ్రాగ్ సఫారీ అని పేరు. ఊరూర ఆగి, పందెము జరుపుట యెట్లో, కాలము కొలుచుట యెట్లో, కారును పరీక్షించుట యెట్లో అచ్చటివారికి నేర్పిరి. వీరిలో చిక్ కానన్ పని కార్ల పరీక్షయే. పూర్వము మన దేశమున పండితులు తాటాకుల కట్టలు మోసికొని ఊరూర తిరిగి పాఠములు చెప్పినట్లుగా, వీరు కట్టుబాట్లను మోసికొని తిరిగిరని నాకు తోచుచున్నది. 1955లో కాన్సాస్ రాష్ట్రమున గ్రేట్ బెండ్ అను ఊర మొదటి జాతీయ పోటీ పెట్టిరి. వాన వచ్చి అది ముగియలేదు. మిగిలిన భాగమును ఆ యేటనే అరిజోనాలోని ఫీనిక్సు నగరమున ముగించిరి.

ఇక గొట్టము సంగతికి వత్తము. శ్రోతలారా! సామాన్యముగా కారునకు పెట్రోలు టాంకు వెనుక నుండును, ఇంజను ముందుండును. కావున పెట్రోలు కారు పొడవునంతయు నడచి పోవలెను. నడుమ మనిషి కూర్చుండును. ఆ గొట్టము పోవు దారిలో మూడు శత్రువులు పొంచియుండును: విఱిగి ఎగురు చక్రము, తెగి కొట్టు ఇరుసు, కాగిన ఇనుము. ఒక్కొక్కదానిని గూర్చి చెప్పెదను.

మొదటిది ఫ్లైవీలు అను బరువైన చక్రము. బియ్యపు మిల్లులో ఆయిలింజనుకు ఇరుప్రక్కల నుండు పెద్ద చక్రములను మీరు చూచియుందురు. అవి నిమిషమునకు ఆరేడు వందల చుట్లు తిరుగుచుండెడివి. పందెపు కారు ఫ్లైవీలు అడ్డము ఇంచుమించు ఒక అడుగు. అది నిమిషమునకు ఏడువేల చుట్లు తిరుగును. లెక్క వేసి చూచినచో దాని అంచు సెకనుకు సుమారు 366 అడుగులు పరుగెత్తుచున్నదని తేలును. తిరుగు చక్రమును చీల్చు బలము వేగముతో సమముగా పెరుగదు, వేగపు వర్గముగా పెరుగును. వేగము రెండింతలైన బలము నాలుగింతలు. వేగము పదింతలైన బలము నూఱింతలు. అంతటి వేగమున పోత ఇనుప చక్రములో వెండ్రుకవాసి పగులున్నను చాలు, అది బద్దలై ముక్కలు ఫిరంగిగుండ్లవలె ఎగురును. క్లచ్చి పలకలకును ఇదియే గతి.

ఆ చక్రమును కప్పియుండు పెట్టె గంట ఆకారమున నుండును. సామాన్యపు కారులో అది పలుచని అల్యూమినియపు పెట్టె. ఎగిరివచ్చు ముక్కకు అది కాగితముతో సమానము. ఆ పెట్టె డ్రైవరు పాదముల చెంతనే యుండును. ఇట్లు చక్రములు బద్దలై కాళ్ళు పోయినవారు ఉన్నారు. అందుచే, ఒక హద్దు మించిన వేగముగల కార్లకు ముక్కలను ఆపగల బలమైన ఉక్కు కవచము ఉండవలెనను నియమము వచ్చినది. ఇట్టి కవచములకు, కవచములే కాక అనేక రక్షణ పరికరములకు, ఎస్.ఎఫ్.ఐ. ఫౌండేషన్ అను సంస్థ ప్రమాణములను ఏర్పఱచినది.

ఇప్పుడు ఆలోచింపుడు. చక్రము బద్దలైన ఆ క్షణమున దాని ప్రక్కనే పెట్రోలు గొట్టమున్నచో ఏమగును? ముక్క గొట్టమును కోయును. పెట్రోలు చిమ్మును. కాగిన ఇంజనున్నది, నిప్పురవ్వలున్నవి. అప్పటివరకు విఱిగిన యంత్రముగా నున్నది అగ్నికుండమగును. ఒక్క గాయముతో బయటపడవలసిన మనిషి కాలిపోవును. కావుననే పుస్తకము ఇట్లు చెప్పుచున్నది: ఫ్లైవీలు పెట్టె ప్రాంతమున పోవు పెట్రోలు గొట్టమును, ఉక్కుతీగెల అల్లికగల గొట్టము కానిచో, అంగుళములో ఎనిమిదవ వంతు మందముగల, 16 అంగుళముల పొడవైన ఉక్కు గొట్టము లోనుండి పోనిచ్చి, ఆ ఉక్కు గొట్టమును కదలకుండ బిగింపవలెను. పదునాఱంగుళములనగా మూరకు రెండంగుళములు తక్కువ. మావాడు కోపపడినది ఆ మూరెడు ఉక్కు కొఱకే. పెట్రోలును వడగట్టు ఫిల్టరును ఆ ప్రాంతమున అసలు పెట్టరాదు.

రెండవ శత్రువు ఇరుసు. ఇంజను బలమును వెనుక చక్రములకు అందించు పొడవైన ఉక్కు ఇరుసు కారు నడుమ ఒక సొరంగమువంటి చోట తిరుగుచుండును. మీదినుండి చూచువానికి పెట్రోలు గొట్టమునకు ఆ సొరంగమే అన్నిటికంటె దగ్గఱి దారిగా కనిపించును. మావానికిని అట్లే కనిపించెను. కాని ఇరుసు ముందటి కీలు తెగినచో, ఆ ఇరుసు కొరడావలె చుట్టును కొట్టి, అందిన దానినెల్ల తునకలు చేయును. అందుచే పెట్రోలు గొట్టము ఇరుసు సొరంగమున పోరాదని నియమము సూటిగా చెప్పుచున్నది. ఇరుసు తెగినను క్రిందపడకుండ ముందటి కీలు దగ్గఱ ఉక్కు పట్టెతో చేసిన ఉంగరమొకటి చుట్టియుంచుట వేఱొక నియమము. అట్లే, ఇంజనులోనికి గాలిని బలముగా త్రోయు యంత్రమున్నచో, దానిని త్రిప్పు బెల్టు ప్రక్కగా పోవు గొట్టము ఉక్కుతీగెల అల్లికది గాని ఉక్కు గొట్టములో దాచినది గాని కావలెను. బెల్టు తెగినప్పుడు ఏమి చేయునో మిల్లులో పనిచేసినవారికి వేఱుగ చెప్పనక్కఱలేదు.

మూడవ శత్రువు వేడిమి. పొగగొట్టము దగ్గఱ రబ్బరు ఎండి బిఱుసెక్కి పగులును. అంతేకాదు, రబ్బరు గొట్టము ఇనుప రేకు అంచునకు తగిలి కదలుచున్నచో, రోజురోజునకు కొంచెము కొంచెముగా అఱిగి ఒకనాడు తెగును. కావున కారు పొడవునను లోహపు గొట్టమునే వాడవలెను. రబ్బరు కేవలము కొసలను కలుపుటకే, అదియు ముందునుండి వెనుకకు మొత్తము మీద 12 అంగుళములకు మించరాదు. టాంకు, గొట్టములు, పంపు, తిరుగుడు మూతలు అన్నియు డ్రైవరు కూర్చుండు గదికి వెలుపల, కారు ఉక్కు చట్రమునకు లోపల నుండవలెను. వెలుపల ఏలయనగా, కారినను మనిషిపై పడకుండుటకు. చట్రమునకు లోపల ఏలయనగా, గోడకు తగిలినను, వేఱొక బండి తగిలినను మొదట చట్రము దెబ్బతిని గొట్టము దక్కుటకు. ఒక్క వాక్యమున రెండు అపాయములకు రెండు అడ్డుగోడలు. మా గురువులు సూత్రములను గూర్చి చెప్పునప్పుడు, ఒక్క అక్షరము వ్యర్థము కారాదనెడివారు. ఆ మాట నాకు ఇచ్చట జ్ఞప్తికి వచ్చినది.

ఇందు ఒక సంగతి గమనింపదగియున్నది. గొట్టము గట్టిగ నుండవలెనని మాత్రము ఈ నియమములు చెప్పి ఊరకుండలేదు. అది ఏ దారిని పోవలెనో చెప్పినవి. గొట్టము ఎంత గట్టిదైనను దాని ప్రక్కనున్న వస్తువు విఱిగినప్పుడు అది నిలువదు. మనిషి ఎంత మంచివాడైనను నడచు త్రోవ చెడ్డదైనచో కష్టము తప్పదు గదా! మావాని గొట్టములో దోషము లేదు. అది నడచిన త్రోవలో దోషమున్నది.

అసలు ఆ త్రోవనే లేకుండ చేయవచ్చునని కొందఱు పనివారు కనిపెట్టిరి. పందెమునకే ప్రత్యేకముగా చేసిన పొడవైన బండ్లలో పెట్రోలు టాంకును ఇంజనుకు ముందు, బండి కొనయందు అమర్చిరి. అప్పుడు ఇంధనము క్లచ్చిని గాని మనిషిని గాని దాటి పోవలసిన పనియే లేదు. కాని ఆ బండ్లలో మనిషి ఇంజను వెనుక, క్లచ్చిపై కాళ్ళు చాపినట్లుగా కూర్చుండెడివాడు. ఇంజను మండినచో మంట గాలికి వెనుకకు, అనగా అతని ముఖముపైకి, వచ్చెడిది. ఆ బండ్లు వాడినది పెట్రోలు కాదు, నైట్రోమీథేను అను ఉగ్రమైన ఇంధనము. అది తన దహనమునకు కావలసిన ప్రాణవాయువులో కొంత తనలోనే దాచుకొని యుండును. దీని వేగమునకు, అపాయమునకు వెఱచి ఆ సంఘమువారు 1957 మొదలు 1963 వరకు దానిని నిషేధించిరి. పిమ్మట మఱల అనుమతించిరి.

ఈ చరిత్రలో డాన్ గార్లిట్స్ అను నాయకుని కథను చెప్పక తప్పదు. ఫ్లోరిడా రాష్ట్రమువాడు. 1959లో దక్షిణ కరొలైనా రాష్ట్రమున పందెములో ఇంజను బద్దలై ఈయన చేతులు, ముఖము ఘోరముగా కాలెను. కోలుకొని మఱల వచ్చెను. 1970 మార్చి 8వ తేదీన కాలిఫోర్నియాలోని లాంగ్‌బీచి బాటపై, బయలుదేరిన క్షణముననే కాళ్ళ నడుమనున్న గేరుపెట్టె బద్దలాయెను. బండి రెండు తునుకలాయెను. ఆయన కుడిపాదము సగము పోయెను. ఆసుపత్రి మంచముపై పడియుండి ఆయన ఒక్కటే ఆలోచించెను: ఇంజను వెనుక మనిషి కూర్చుండుటయే తప్పు, మనిషి వెనుక ఇంజనుండవలెను. అట్టి బండ్లను అంతకుముందు కొందఱు ప్రయత్నించిరి గాని అవి చక్కగా నడువలేదు. గార్లిట్స్ పట్టువిడువక దానిని సాధించి, 1971లో పొమోనా పోటీయందు గెలిచి చూపెను. కొలది సంవత్సరములలో తక్కినవారందఱును ఆ మార్గమునే అనుసరించిరి. విఱుగునది, మండునది, చిమ్మునది అంతయు మనిషికి వెనుకకు పోయినది. గొట్టము దారి మార్చుటతో మొదలైన బుద్ధి మనిషి చోటును మార్చుటతో పరిపూర్ణమైనది.

ఇంకను ఒక నియమము నా హృదయమును తాకినది. కొన్ని కార్లలో పెట్రోలును కరెంటు పంపు తోడును. ప్రమాదములో డ్రైవరు స్మారకము తప్పినచో పంపు తన పని మానునా? మానదు. దానికి మనిషి బాధ తెలియదు. తెగిన గొట్టములోనుండి మంటలోనికి పెట్రోలు తోడుచునే యుండును. అందుచే, బ్యాటరీని దాని పూర్వస్థానము నుండి వేఱొక చోటికి మార్చిన కార్లకు వెనుక భాగమున, వెలుపల, ఒక స్విచ్చి ఉండవలెను. దానిని ఆపినచో కారులోని విద్యుత్తు యావత్తు ఆగవలెను. ఇంజను, పంపు కూడ ఆగవలెను. ఎటు త్రిప్పిన ఆగునో దానిపై స్పష్టముగా వ్రాసియుండవలెను. ఆ స్విచ్చి డ్రైవరు కొఱకు కాదు; పరుగెత్తివచ్చు అపరిచితుని చేతి కొఱకు. ముక్కుమొగము తెలియని ఒక మనిషి వచ్చి నన్ను కాపాడునను నమ్మకముతో, అతనికి చేయందు చోట పెట్టిన స్విచ్చి అది. ఇంతకంటె గొప్ప నీతిని నేను బడిలో చెప్పితినని అనుకొనను.

ఇన్ని కట్టుబాట్లు ఉండియు ప్రాణనష్టము పూర్తిగా తొలగలేదు. 2008 జూన్ 21వ తేదీన న్యూజెర్సీ రాష్ట్రమున స్కాట్ కలిట్టా అను ప్రసిద్ధుడు, ఇంజను బద్దలై మంటలంటుకొని, బండి ఆగక మరణించెను. ఆ వెంటనే మిక్కిలి వేగముగల రెండు తరగతులకు పందెపు దూరమును 1320 అడుగుల నుండి 1000 అడుగులకు తగ్గించిరి. ఏబదియేండ్లకు పైగా పవిత్రముగా చూచుకొన్న పావు మైలును సైతము మనిషి కొఱకు వదలుకొనిరి.

ఇక మన ఊళ్ళకు వత్తము. నా చిన్ననాడు మా ఊర బియ్యపు మిల్లుండెను. ఆయిలింజను నుండి మిల్లునకు పొడవైన బెల్టు. ఒకనాడు పనివాని తువ్వాలు ఆ బెల్టులో చిక్కెను, తువ్వాలుతో చేయి పోయెను. ఆ పిమ్మట యజమాని బెల్టు చుట్టును కొయ్యకంచె కట్టించెను. చేతులు కాలిన తరువాత ఆకులు పట్టుకొనుట అందుము. అయినను ఆ ఆకులు తరువాతివారి చేతులకైనను పనికివచ్చును గదా! పదేండ్లు గడచెను. యజమాని మాఱెను, పనివారు మాఱిరి. ఊడ్చుటకు అడ్డమని క్రొత్తవారు ఆ కంచెను ఊడబెఱికి మూల పడవేసిరి. అది ఎందులకున్నదో వారికెవ్వరును చెప్పియుండలేదు. మూడవనాడు ఆ ఒంటిచేతి మనిషి వచ్చెను. ఎవరితోను మాటాడలేదు. కంచెను ఎత్తి యథాస్థానమున నిలిపి, పిల్లవానిచేత మేకులు కొట్టించి వెడలిపోయెను. ఆ పిల్లవాడను నేనే.

శ్రోతలారా! కారణము మఱచిన కట్టుబాటు మొండితనముగా కనిపించును. నా మేనల్లునికి పరీక్షాధికారి అట్లే కనిపించెను. మిల్లు పనివారికి కంచె అట్లే కనిపించెను. కావున పెద్దలమైన మనకొక బాధ్యత గలదు. వలదని చెప్పుటతో మన పని తీరదు. ఎందులకు వలదో, ఆ వెనుకనున్న కథను కూడ చెప్పవలెను. కథ లేని నియమము ఒక తరము దాటదు.

మీ యింట మోటారుసైకిలుండవచ్చును, ట్రాక్టరుండవచ్చును. రేపు ప్రొద్దున ఒక్కమారు వంగి చూడుడు. ఇంజను చల్లారి యున్నప్పుడు చూడుడు. టాంకు నుండి ఇంజనుకు పోవు గొట్టమును కనులతో వెంబడింపుడు. రబ్బరు పగిలినదా? కాలు సైలెన్సరునకు తగులుచున్నదా? తిరుగు బెల్టునకు, ఫ్యానునకు దగ్గఱగా వ్రేలాడుచున్నదా? పనికిరాని తీగెతో కట్టిరా? రేకు అంచున ఒఱసికొనుచున్నదా? ఇందులో ఏ యొక్కటియున్నను మేస్త్రీకి చూపి మార్పింపుడు. మనుమడు నవ్వినచో నవ్వనిండు. పరీక్షాధికారిని చూచి నవ్వనివారెవరు?

కడపటి మాట. ఆ తరువాత మావాడు పాత గొట్టమును పెఱికివేసెను. ఇరుసు సొరంగమును విడిచి, ఉక్కు చట్రపు లోపలి అంచు వెంబడి లోహపు గొట్టమును వేసి, అడుగడుగునకు బిగించి, ఫ్లైవీలు దగ్గఱ మూరెడు ఉక్కు తొడుగు తొడిగించెను. దారి కొంత పొడవాయెను. నెల తిరిగినపిమ్మట మఱల బాటకు పోయెను. పరీక్షాధికారి అదే మనిషి, అదే టార్చిలైటు. ఈసారి తల ఊపి, అద్దముపై అనుమతి చీటిని అంటించెను.

ఆ రాత్రి ఫోనులో "పందెమున ఏమి జరిగినది?" అని అడిగితిని. "ఓడిపోయితిని మామయ్యా" అనెను. "అది కాదు, బండి సంగతి?" అంటిని. "బండికేమి? ఏమియు జరుగలేదు" అనెను.

జీవితమంతయు నేను జరిగినవానినే పిల్లలకు చెప్పితిని. యుద్ధములు, కఱవులు, పట్టాభిషేకములు. జరుగకుండ ఆగినవానికి ఏ చరిత్ర గ్రంథమునను అధ్యాయము లేదు. మూరెడు ఉక్కు గొట్టము ఎందఱి కాళ్ళను నిలిపెనో, ఎందఱి తల్లుల కడుపులు కాలకుండ కాచెనో ఎవరును లెక్క వ్రాయలేదు. ఆ రాత్రి మాత్రము మా చెల్లెలు హాయిగా నిదురపోయెను. నాకు ఆ లెక్క చాలును.